శరదృతువులో తోటపని

వానాకాలపు పంట ముగిసి చలి మొదలయ్యే సంధికాలంలో పెరట్లో, మిద్దెతోటలో, పండ్లతోటలో చేసే విత్తడం, నాటడం, కత్తిరింపు, మొక్కల రక్షణ వంటి పనులను శరదృతువు తోటపనిగా లెక్కిస్తారు. తెలుగు పంచాంగంలో ఇది ఆశ్వయుజ, కార్తీక మాసాల కాలం. కార్తెల్లో చెప్పాలంటే హస్త, చిత్త, స్వాతి, విశాఖ. సుమారుగా సెప్టెంబరు చివరి నుంచి నవంబరు మూడో వారం వరకు. ఈ రోజుల్లో ఉత్తరార్ధగోళమంతటా పగలు తగ్గుతుంది, కానీ తోట మాత్రం అన్నిచోట్లా ఒకేలా నడవదు. న్యూజెర్సీలో ఇది తోట సర్దేసే సమయం. తెలంగాణలో ఏడాదిలోకెల్లా మంచి కూరగాయల కాలం ఇప్పుడే మొదలవుతుంది. నెల్లూరులో పెద్ద వానలు పడేదే ఇప్పుడు. ఎక్కడిదో తోటపని క్యాలెండరు తెచ్చి మన మడిలో అమలు చేస్తే విత్తనమూ శ్రమా రెండూ దండగే.

పగటి నిడివి ప్రభావం

చామంతి, పాతరకం పందిరి చిక్కుడు పగలు తగ్గితేనే పూస్తాయి. ఆషాఢంలో పెట్టిన చిక్కుడు పాదు పందిరంతా అల్లుకుని, మూడు నెలలైనా ఒక్క పూత లేకుండా ఆకే వేస్తుంటుంది. గొడ్డుపాదు అనుకుని పీకేసేవాళ్లున్నారు. ఆశ్వయుజం దాకా ఆగితే అదే పాదు గుత్తులు గుత్తులుగా పూస్తుంది. చామంతి విషయంలో రాత్రి చీకటి కూడా ముఖ్యమే. కుండీ వీధిదీపం కింద ఉండి రాత్రంతా వెలుతురు పడుతుంటే మొగ్గ ఆలస్యమవుతుంది. చీకటిగా ఉండే మూలకు జరిపితే చాలు, మందులేవీ అక్కర్లేదు.

తెలంగాణ, రాయలసీమ మెట్ట ప్రాంతాలు

నైరుతి రుతుపవనాలు అక్టోబరు నడిమికి తెలంగాణ నుంచి వెనుదిరుగుతాయి. ఎండ ఉంటుంది, రాత్రి చల్లబడుతుంది, నేలలో ఇంకా పదును ఉంటుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగి, బఠాణీ, పాలకూర, మెంతికూరలకు ఇంతకంటే అనువైన సమయం లేదు.

క్యాబేజీ, కాలీఫ్లవర్, టమాటా, వంగ నారు పోసి నాటాలి. నారుమడిని నేలకంటే జానెడు ఎత్తున కట్టి, మాగిన పశువుల ఎరువు, వేపపిండి కలిపి, విత్తనాన్ని వరుసల్లో పలచగా వేయాలి. ఒత్తుగా వేసి, సాయంత్రం పూట నీళ్లు కుమ్మరిస్తే నారుకుళ్లు వస్తుంది. రాత్రి నిలబడి ఉన్న లేతమొక్క తెల్లారేసరికి మొదలు దగ్గర దారంలా సన్నబడి పడిపోయి ఉంటుంది. ఒకసారి సోకితే మడిలో పాయలు పాయలుగా ఖాళీలు పడతాయి. ఉదయమే తగుమాత్రం తడిపి, గాలి ఆడనివ్వడమే అసలైన నివారణ. 25 నుంచి 30 రోజుల నారు నాటుకు సరిపోతుంది. క్యారెట్, ముల్లంగి, బీట్‌రూట్ విత్తనాలను ఉండాల్సిన చోటే వేయాలి. క్యారెట్ పీకి నాటితే దుంప చీలి వంకర్లు పోతుంది.

కాలీఫ్లవర్‌లో రకం ఎంపికే సగం పంట. పూసా దీపాలి వంటి ముందస్తు రకాలు 20 నుంచి 27 డిగ్రీల వేడిలో పువ్వు కడతాయి. పూసా స్నోబాల్ కె-1 వంటి ఆలస్యపు రకాలకు 10 నుంచి 16 డిగ్రీల చలి కావాలి. ఆలస్యపు రకాన్ని తొందరపడి వేస్తే ఆకులే పెరుగుతాయి. ముందస్తు రకాన్ని ఆలస్యంగా వేస్తే గుండీ అంత పువ్వు కట్టి ఆగిపోతుంది. దుకాణంలో ప్యాకెట్ మీద బొమ్మ చూసి కాకుండా రకం పేరు అడిగి కొనాలి.

ధనియాలను చేత్తో నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లాలి. మొలక రావడానికి పది రోజులకు పైనే పట్టొచ్చు. వేసవిలో ఆకు సరిగా వేయకముందే పూతకొచ్చే కొత్తిమీర ఈ చల్లదనంలో రెండు మూడు కోతలు ఇస్తుంది.

దసరాకు, బతుకమ్మకు కోసిన బంతి తోట అలసిపోయి ఉంటుంది. దాన్ని తీసేసి అక్టోబరు మొదటి పక్షంలో మళ్లీ బంతి నారు పోస్తే సంక్రాంతి గుమ్మాలకు పూలు అందుతాయి. గులాబీ కత్తిరింపుకూ అక్టోబరే అనువు. ఎండుపుల్లలు, లోపలికి పెరిగిన కొమ్మలు తీసి, బయటివైపు తిరిగిన కన్నుకు కాస్త పైన ఏటవాలుగా కోస్తే సుమారు నెలన్నరకు పూలొస్తాయి.

మామిడి విషయంలో తోటమాలి చేతులు కట్టుకోవాలి. పూమొగ్గ లోలోపల తయారయ్యే కాలమిది. పెద్దచెట్టుకు ఇప్పుడు నీరు, యూరియా పెడితే పూత రావాల్సిన చోట చిగురు తోస్తుంది. మల్లెకు కూడా నవంబరు చివర కత్తిరించే ముందు నీళ్లు తగ్గిస్తారు.

కోస్తా, మన్యం

ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు ద్వితీయార్ధంలో దక్షిణ కోస్తాను తాకుతాయి. నెల్లూరు జిల్లా ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. ఇక్కడ ముందు చేయాల్సింది విత్తడం కాదు, నీరు బయటికి పోయే కాలువలు తీయడం. ఆకుకూరలను ఎత్తుమడుల మీదే వేయాలి, మిగతావి వానలు తెరిపిచ్చాక వేసుకోవచ్చు. తుపాన్లకూ ఇదే కాలం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినదీ, 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ కూడా ఈ రోజుల్లోనివే. గెలలేసిన అరటికి వెదురు పోట్లు పెట్టడం, ఇంటిమీదకు వాలిన కొమ్మలు తీయడం, మిద్దెమీద కుండీలను గోడవారగా గుంపుగా దించుకోవడం హెచ్చరిక రాకముందే చేసుకోవాలి.

సముద్రమట్టానికి 900 మీటర్లకు పైనున్న అరకులో చలి ముందే దిగుతుంది. కొండవాలుల్లో వలిసెలు పసుపుపచ్చగా పూస్తాయి, నవంబరు నుంచి కాఫీ పళ్ల కోత మొదలవుతుంది.

మంచు కురిసే దేశాలు

ఉత్తర అమెరికా, ఐరోపాల్లో శరత్కాలపు లెక్కంతా తొలిమంచు తేదీ చుట్టూ తిరుగుతుంది. గాలి చల్లబడినా నేల వెచ్చగానే ఉంటుంది కాబట్టి చెట్లు, పొదలు ఇప్పుడు నాటితే ఆకు పెంచే భారం లేకుండా వేరు పట్టుకుంటాయి. వెల్లుల్లి రెబ్బలను అక్టోబరులో పాతితే మంచుకింద చలికాలం గడిపి జులైకి గడ్డలవుతాయి. తులిప్ దుంపలకు సుమారు 12 నుంచి 16 వారాల చలి పడితేనే పూలకాడ సాగుతుంది. హైదరాబాదులో వాటిని పెంచాలనుకునేవాళ్లు ఫ్రిజ్‌లో పెట్టేది అందుకే, అయితే ఆపిల్ పళ్ల పక్కన పెట్టకూడదు. ఆ పళ్లు వదిలే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గను చంపుతుంది.

అక్కడి తెలుగువారి పెరళ్లలో గోంగూర, దోస, బీర తొలిమంచుకే నల్లబడతాయి, గింజలు ముందే తీసిపెట్టుకోవాలి. కరివేపాకు కుండీని రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగకముందే ఇంట్లోకి తెచ్చి, ఎండపడే కిటికీ దగ్గర ఉంచి, నీళ్లు బాగా తగ్గించాలి. ఆకంతా పసుపై రాలినా పారేయొద్దు. కాండాన్ని గోటితో గీరితే లోపల పచ్చగా కనిపిస్తే అది బతికే ఉంది. వేర్లు కుళ్లకుండా కాపాడితే వసంతంలో చిగురిస్తుంది.

కాలిఫోర్నియా తీరం వంటి మధ్యధరా వాతావరణంలో వానలు శరత్తుతోనే మొదలవుతాయి. అక్కడ స్థానిక మొక్కలు నాటడానికి వసంతం కంటే ఇదే మేలు. దక్షిణార్ధగోళంలోని మెల్‌బోర్న్‌లో శరత్తు మార్చి నుంచి మే వరకు. మనకు ఉగాది వచ్చేనాటికి అక్కడ టమాటా పాదులు తీసేసి బఠాణీ, వెల్లుల్లి, క్యాబేజీలకు మడులు సిద్ధం చేస్తుంటారు.