ఆభిజాత్యం: తెలుగులో నింద, బెంగాలీలో ప్రశంస

‘అభిజాత’ అనే సంస్కృత పదానికి ఉన్నత వంశంలో జన్మించిన అని అర్థం. ఆ స్థితియే ఆభిజాత్యం. మూలార్థంలో నింద లేదు. నేటి తెలుగు వాడుకలో మాత్రం పుట్టుక, హోదా, చదువు, భాష వంటి వాటి కారణంగా తామే అధికులమని తలచి, ఇతరులను చిన్నచూపు చూసే స్వభావాన్ని ఈ పదం సూచిస్తుంది. కులాభిజాత్యం, భాషాభిజాత్యం అనే సమాసాలలో ఈ అర్థమే కనిపిస్తుంది.

గర్వం, బడాయి దీనికి దగ్గరి మాటలే అయినా సమానార్థకాలు కావు. గర్వం సొంత విజయం వల్ల కూడా కలుగవచ్చు. లేని గొప్పను చెప్పుకోవడం బడాయి. ఆభిజాత్యానికి మాత్రం తక్కువవాడిగా ఎంచడానికి మరొకరు ఉండితీరాలి.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో ఈ పదాన్ని మరింత జాగ్రత్తగా వాడవలసి ఉంటుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉపాధికై వచ్చిన తెలుగు కుటుంబాలు అక్కడ తరతరాలుగా నివసిస్తున్నాయి. వారిలో ఉత్తరాంధ్ర మూలాలున్నవారు ఎక్కువ. వారి పొరుగు భాష అయిన బెంగాలీలో ‘ఆభిజాత్య’ అంటే కులీనత, హుందాతనం. సంపన్నుల నివాస ప్రాంతాన్ని ‘అభిజాత’ ప్రాంతమంటారు. చిన్నచూపును తెలిపే బెంగాలీ మాట ‘ఉన్నాసికత’, అనగా ముక్కు పైకెత్తి చూడటం. అందుచేత బెంగాలీ పొరుగువారు మెచ్చుకోలుగా అన్న మాట తెలుగువారి చెవికి ఎత్తిపొడుపుగా తోచవచ్చు.

అంతస్తుల తేడా రైల్వే పట్టణాలకు కొత్త కాదు. బ్రిటిష్ కాలపు రైల్వే కాలనీలలో ఉద్యోగశ్రేణిని బట్టి క్వార్టర్లు కేటాయించేవారు. పై అధికారి విధి నిర్వహణలో ఆజ్ఞ ఇవ్వడం ఆభిజాత్యం కాదు. డ్యూటీ ముగిసిన తరువాత కూడా, ఏ క్వార్టరులో ఉంటున్నారో చూసి పిల్లల స్నేహాలను నిర్ణయించడం ఆభిజాత్యమే.

భాష విషయంలోనూ ఈ భేదం వర్తిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం యాసకు బెంగాలీ, హిందీ పదాలు తోడైన తెలుగును విని, ఇదేం తెలుగని నవ్వడం భాషాభిజాత్యం. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. ఆ నాటకానికి ప్రాణం పోసినది ఉత్తరాంధ్ర వాడుక భాషే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించడానికి ఆమోదం తెలిపింది. హోదాను ప్రభుత్వం ఇవ్వగలదు. కానీ తన యాసను చూసి నవ్వుతారన్న సంకోచంతో ఒక పిల్లవాడు ఇంటి భాషను మానుకుంటే, ఆ నష్టాన్ని ఏ ఉత్తర్వూ పూడ్చలేదు.

ప్రయోగంలో ఒక సూత్రం గుర్తుంచుకోవాలి. ఒకరి గొప్పతనాన్ని తెలుగులో ప్రశంసించదలచినప్పుడు హుందాతనం, సంస్కారం అనే మాటలు వాడటం మేలు. ఎదుటివారిని తక్కువ చేసే గొప్పతనానికే ఆభిజాత్యం అనే పేరు తగినది.