సెమినార్: నారుమడి మాట

సెమినార్‌కు మూలమైన లాటిన్ ‘సెమినారియం’ అంటే నారుమడి. 1563లో ట్రెంట్ మహాసభ క్యాథలిక్ గురువుల శిక్షణాలయాలను ఆ మాటతో పిలిచింది. 18వ శతాబ్దంలో గటింగెన్ వంటి జర్మన్ విశ్వవిద్యాలయాలు దాన్ని విద్యార్థుల శాస్త్రచర్చకు మళ్లించాయి.

మూలార్థం నేటి వాడుకను శాసించదన్న మాట నిజమే. అయినా జీవశాస్త్రంలో ఆ అర్థానికి ఇంకా పని ఉంది. 1954లో భౌతికశాస్త్రవేత్త గామోవ్, జీవశాస్త్రవేత్త వాట్సన్‌తో కలిసి జన్యుసంకేతాన్ని ఛేదించేందుకు పెట్టిన ఆర్‌ఎన్‌ఏ టై క్లబ్‌లో వేర్వేరు శాస్త్రాలవాళ్లు ముదరని ఊహలనే పంచుకున్నారు. క్లబ్ సభ్యుడు క్రిక్ 1955లో, ఆర్‌ఎన్‌ఏకూ అమైనో ఆమ్లాలకూ మధ్య జోడించే చిన్న అణువులు ఉండాలన్న తన అడాప్టర్ ఊహను పత్రికకు కాక ఆ సభ్యులకే పంపాడు. ఆ అడాప్టర్లే తర్వాత టీఆర్‌ఎన్‌ఏలుగా దొరికాయి. గామోవ్ సొంత సంకేత నమూనా మాత్రం తప్పని తేలింది. నారులో కొంత చావడం మామూలే. పండిన ఫలితాల స్లైడ్లు మాత్రమే చూపే సభను సదస్సు అంటే సరిపోతుంది.