గుఱ్ఱపు వన్నె - వంశపట్టిక సాక్ష్యము

బెంగుళూరునుండి హోసూరునకు పోవు రాజమార్గమున, ఆనేకల్లు తాలూకాలో, బొమ్మసంద్ర కలదు. నేడది యంత్రశాలలకు, ఔషధ పరిశ్రమలకు పేరుపడిన చోటు. గుఱ్ఱపుడెక్కల చప్పుడు అచట వినరాదు. కాని ఈ ప్రాంతమునకు అశ్వములతోడి సంబంధము చిరకాలపుది. ఆ మార్గముననే ముందునకు పోయినచో, హోసూరు చెంత మత్తిగిరిలో కుంపిణీ కాలమున సైన్యాశ్వక్షేత్రము వెలసినది. అదియే పిమ్మట పశుక్షేత్రమైనది. బెంగుళూరునకు పడమటనున్న కుణిగల్ అశ్వశాల హైదరు, టిప్పుల సైన్యములకు గుఱ్ఱములను పెంచిన తావుగా ప్రసిద్ధము; తరువాతి కాలమున అచట పందెపు గుఱ్ఱములను పెంచిరి. ఇట్టి క్షేత్రములలో ఎన్నడును తప్పని ప్రశ్న యొకటి: అమ్మువాడు చెప్పిన గుఱ్ఱమును, ఎదుట నిలిచిన గుఱ్ఱమును ఒకటియేనా? దీనికి మొదటి సాక్షి దాని వన్నె.

విజయనగర ప్రభువులు అశ్వములకై వెచ్చించిన ధనము అపారము. పోర్చుగీసువాడగు ఫెర్నావో నూనిజ్ 1535 ప్రాంతమున వ్రాసిన వృత్తాంతము ప్రకారము, సాళువ నరసింహరాయలు ఓర్ముజు, ఏడెను రేవులనుండి గుఱ్ఱములను తెప్పించి, ప్రాణముతో నున్నను లేకున్నను వేయి పర్దావులకు మూడు చొప్పున కొనెడివాడట. సముద్రముపై చచ్చినదానికి తోక తెచ్చి చూపిన చాలును, మూల్యము ముట్టెడిది. నూనిజ్ స్వయముగా గుఱ్ఱముల వర్తకుడు. ఈ ముచ్చట వ్రాయునపుడు అతని మనస్సు ఉవ్విళ్లూరియే యుండును. తోకను చూచి అది ఏ గుఱ్ఱపుదో చెప్పుట యెట్లు? రాజునకు కావలసినది వర్తకుల రాక. లెక్కలోని కల్లకు ఆయన ముందే వెల కట్టియుండెనని ఊహింపవచ్చును.

శాలిహోత్రుని పేర ప్రసిద్ధమైన అశ్వశాస్త్ర సంప్రదాయము వన్నెను, సుడులను, తెల్లమచ్చలను బట్టి శుభాశుభములు నిర్ణయించినది. తెనుగున మనుమంచి భట్టు హయలక్షణ గ్రంథము సంతరించెను. నాలుగు కాళ్లును ముఖమును తెల్లనైన పంచకల్యాణి పేరు తెలుగువారి నోట నేటికిని నిలిచియున్నది. శుభమునకు వెల హెచ్చిన చోట మచ్చను కల్పించువాడును పుట్టుట వింత కాదు. ఢిల్లీలో అల్లావుద్దీన్ ఖిల్జీయు, తరువాత అక్బరును గుఱ్ఱములకు వాతలు వేయించిరి. హాజరు దినమున నాసిరకపు గుఱ్ఱమునో, అరువు గుఱ్ఱమునో చూపి జీతము గొను మాయను అడంచుట వారి యుద్దేశము.

గుఱ్ఱము వన్నె దాని తల్లిదండ్రులను గూర్చియు సాక్ష్యమిచ్చునని తేలినది 20వ శతాబ్దారంభమున. ఇంగ్లండులో థరోబ్రెడ్ జాతి వంశపట్టిక 1791 నుండి అచ్చుపడుచుండెను. మెండెలు మతానుయాయి యగు సి. సి. హర్‌స్ట్ దానిని శోధించి 1905 డిసెంబరులో రాయల్ సొసైటీకి ఒక వ్యాసము సమర్పించెను. జూలు, తోకలతో సహా ఒడలెల్ల ఎఱ్ఱనైన గుఱ్ఱమును ఆంగ్లేయులు చెస్ట్‌నట్ అందురు. ఒడలు ఎఱ్ఱనై జూలు, తోక, కాళ్లు నల్లనైనది బే. రెండు చెస్ట్‌నట్‌లకు చెస్ట్‌నట్ పిల్లయే పుట్టవలెనని హర్‌స్ట్ సిద్ధాంతము. పట్టికలో మాత్రము అట్టి జంటలకు బే పిల్లలు పుట్టినట్లు కొన్ని నమోదులు కనబడినవి. అవి వ్రాతలోని పొరపాట్లని హర్‌స్ట్ పక్షము. ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు వెల్డన్ అంగీకరింపలేదు. సిద్ధాంతమునకు లొంగని ప్రతి నమోదును తప్పనుట న్యాయమా యని ఆయన వాదము. ఆ వాదము తేలిక కాదు. లేఖకుని ఒకచోట నమ్మి, మఱియొకచోట నమ్మకుండుట ఏ పరిశోధకునకైనను ప్రమాదమే. వెల్డన్ ఆ పట్టికలనే మఱల పరిశీలించుచు 1906 ఏప్రిలులో మరణించెను.

తుదకు హర్‌స్ట్ మాటయే నిలిచినది. గుఱ్ఱపు రోమములలో నల్లని వర్ణద్రవ్యము, ఎఱ్ఱని వర్ణద్రవ్యము అని రెండు కలవు. నలుపును పుట్టించు శక్తి గల జన్యువు తల్లినుండి గాని తండ్రినుండి గాని ఒక్కటి వచ్చినను చాలును. ఇరువురినుండియు అది రానపుడే పిల్ల చెస్ట్‌నట్ అగును. ఎమ్.సి.1.ఆర్. అను ఆ జన్యువులోని మార్పును స్వీడను శాస్త్రజ్ఞులు 1996లో వెల్లడించిరి. అయినను ఈ సాక్ష్యము ఒకవైపుదే. రెండు చెస్ట్‌నట్‌లకు బే పుట్టెనన్నచో పట్టిక అబద్ధమని చెప్పవచ్చును. చెస్ట్‌నట్ పుట్టినంత మాత్రమున ఆ తండ్రియే తండ్రి యని చెప్పరాదు. అందుకే నేడు థరోబ్రెడ్‌ల వంశనిర్ణయమునకు డి.ఎన్.ఏ. పరీక్ష ఆధారమైనది.

పట్టికలోని ప్రతి తప్పును మోసమనరాదు. కాలక్రమమున తెల్లబడు గుఱ్ఱములు పుట్టునపుడు నల్లగనో ఎఱ్ఱగనో ఉండును. 2008లో గుర్తింపబడిన ఈ లక్షణపు జన్యువు ప్రబలమైనది. అట్టి పిల్లకు తల్లిదండ్రులలో ఒకరైన అట్టిదై యుండవలెను. పుట్టిన నెలలో దానిని చూచి చెస్ట్‌నట్ అని వ్రాసిన లేఖకుడు కల్ల యాడలేదు. మఱునాటి యేడు మఱల చూచి దిద్దుకొనలేదు, అంతియే.