దిగి నడిపించిన సైకిలు

మా అయ్య నెల్లిమర్ల జూట్ మిల్లులో కూలి. షిఫ్టు టైముకి అందుకోవాలని 1974లో విజయనగరంలో ఓ పాత హెర్క్యులస్ సైకిలు కొన్నాడు. మా మాలపేటకి అదే మొదటి సైకిలు.

పేట నించి మిల్లు రోడ్డెక్కాలంటే పెద్దీధి దాటాలి. వీధి మొగలో అయ్య సైకిలు దిగేవాడు. చెప్పులు హేండిలుకి తగిలించి, నడిపించుకుంటూ పోయేవాడు. వీధి దాటేక మళ్ళీ ఎక్కేవాడు. రాత్రి షిఫ్టు నించి వచ్చేటపుడు ఊరంతా నిద్దరోతున్నా సరే, దిగేవాడు.

1977లో, నా పదమూడో ఏట, ఓ రోజు నేను దిగలేదు. అరుగు మీంచి ఓ పెద్దమనిషి కేకేసేడు: "ఏటిరా గుంటా, కళ్ళు నెత్తికెక్కినాయేటి? దిగు!" దిగేను. రెండు టైర్లకీ గాలి తీసీసేరు. ఆ సాయంత్రం అయ్య వెళ్ళి దండం పెట్టేడు. "తప్పయిపోనాది బాబూ, గుంటడికి తెలీదు" అన్నాడు. ఆ దండం నేను మర్చిపోలేదు.

అప్పటికి చట్టం లేదా? ఉంది. అందరి బాట మీద మమ్మల్ని అడ్డుకోవడం నేరమని 1955లోనే రాసేరు. అదే చట్టానికి 1976లో కోరలు పెట్టి పౌరహక్కుల రక్షణ చట్టమన్నారు. అది మా పేట దాకా రాలేదు. సైకిలు పేరు చట్టంలోకి ఎక్కడానికి మాత్రం 2015 దాకా పట్టింది. 1989 నాటి అట్రాసిటీ చట్టాన్ని ఆ ఏడు సవరించి, ఎస్సీ, ఎస్టీలు నలుగురిలో సైకిలు, మోటారు సైకిలు ఎక్కకుండా, చెప్పులు, కొత్తబట్టలు వేసుకోకుండా అడ్డుకోవడం నేరమన్నారు. 2016 జనవరి 26 నించి అమలు. పార్లమెంటు సైకిలుని పేరు పెట్టి రాయాల్సి వచ్చిందంటే, దేశంలో ఎందరు అయ్యలు దిగి నడిచేరో మీరే ఆలోచించండి.

కాలేజీకని విజయనగరం వచ్చేక, గంటస్తంభం కాడ నేను దిగక్కర్లేదు. పోలీసు ఆపితే డబల్స్ తొక్కినందుకో, లైటు లేనందుకో ఆపేవాడు. అది అందరికీ ఒకటే రూలు. ఆపినా గౌరవంగానే ఉండేది. పట్నంలో సైకిలుకి కులం అడగలేదు. అద్దెగదికి అడిగేరు.

ఉద్యోగమొచ్చి విశాఖ చేరేసరికి సైకిలు పేదోడి బండి అయిపోయింది. ఇపుడు బీచ్ రోడ్డులో తెల్లారగట్ల కార్లున్నోళ్ళు హెల్మెట్లు పెట్టుకుని సైకిలు తొక్కుతున్నారు. ఆరోగ్యం, పర్యావరణం అంటారు. మంచిదే. మరి కేరేజీ తగిలించుకుని పనికెళ్ళే తాపీ కూలీ సైకిలు వెనక హారనెందుకు కొడతారు? మా కుర్రోళ్ళు మోటారు సైకిలు కొంటే సోకంటారు. ఒకపుడు సైకిలెక్కినా సోకే అన్నారు.

సైకిళ్ళకి వేరే దారి వెయ్యమని అడుగుతున్న మిత్రులారా, మీ ఊరేగింపులో నేనూ నడుస్తాను. ఆ దారి చరిత్ర రాసేటపుడు మా అయ్య దిగి నడిచిన పెద్దీధిని కూడా రాయండి.