పాత జీటీకేకి మాసికలు

సాఫ్ట్‌వేరు ఉద్యోగమంటే రోజూ కొత్త ప్రోగ్రాములు రాయటమని ఊళ్ళో మావాళ్ళ నమ్మకం. నాకు మాత్రం నాలుగేళ్ళుగా వారానికో పూట ఒక పాత లైబ్రరీకి మాసికలు వెయ్యటంతో సరిపోతోంది. దాని పేరు జీటీకే ప్లస్ 1.2. అది విడుదలైన 1999 ఫిబ్రవరిలో నేను ఆరో తరగతి చదువుతున్నాను.

తెర మీద కిటికీలు, మీటలు, మెనూలు గీసిపెట్టే లైబ్రరీని టూల్‌కిట్ అంటారు. బర్కిలీలో విద్యార్థులుగా వున్న స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ బొమ్మలు దిద్దే గింప్ ప్రోగ్రామును మొదట మోటిఫ్ అనే టూల్‌కిట్‌తో రాశారు. మోటిఫ్‌కి అప్పట్లో లైసెన్సు కొనుక్కోవాలి. దానితో విసిగి సొంతంగా రాసుకున్నదే గింప్ టూల్‌కిట్, అంటే జీటీకే. 1.2 వరసలో చివరిదైన 1.2.10 వచ్చింది 2001లో. 2002లో 2.0, 2011లో 3.0, 2020లో 4.0 వచ్చాయి.

మరి పాతది ఇంకా ఎందుకంటారా? నేను పనిచేసే చోట ప్రయోగశాలలో ఒక కొలతల పరికరం వుంది. దాన్ని నడిపే ప్రోగ్రాము 1.2 కోసం రాసినది. రాసినాయన రిటైరయిపోయారు. అందులో పట్టికలన్నీ జీటీకేసీలిస్ట్‌తో కట్టారు. 2.0 నాటికే దాన్ని వాడవద్దన్నారు, 3.0లో తీసేశారు. కొత్త జీటీకేకి మార్చటమంటే సగం ప్రోగ్రాము తిరగరాసి, పరికరాన్ని మళ్ళీ మొదటినుంచి సరిచూసుకోవటమే. పరికరం చూసుకునే ఆవిడ అందుకు ససేమిరా అన్నారు. ఆవిడదే న్యాయం.

నేను వాడేది పీకేజీసోర్స్ అనే పద్ధతి. ఫ్రీబీఎస్‌డీ పోర్ట్స్‌ని ఆధారం చేసుకుని నెట్‌బీఎస్‌డీవాళ్ళు 1997లో మొదలుపెట్టారు. లినక్సు మీదా నడుస్తుంది. ఇందులో నాకు నచ్చిందేమిటంటే అసలు సోర్సుని ఎవరూ ముట్టుకోరు. 2001 నాటి మూట అలాగే వుంటుంది. పక్కన ప్యాచెస్ అనే డైరెక్టరీలో మన మార్పులు విడివిడి ఫైళ్ళుగా వుంటాయి. మూటకీ ప్రతి ప్యాచ్‌కీ చెక్‌సమ్‌లు డిస్ట్‌ఇన్ఫో అనే ఫైలులో రాసి వుంటాయి, అవి కలవకపోతే బిల్డు అక్కడే ఆగిపోతుంది. అసలు వెర్షను మారకుండా మన ప్యాకేజీ మాత్రం మారితే పేరు చివర ఎన్‌బీ1, ఎన్‌బీ2 అని అంకె పెరుగుతుంది.

ఇరవై ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోని కోడ్ ఎందుకు చెడుతుంది? కోడ్ చెడలేదు, కింద నేల కదిలింది. జీసీసీ 3.3 వరకు ఫంక్షను పేరునిచ్చే ఒక గుర్తుని మామూలు స్ట్రింగులా పక్క స్ట్రింగుతో అతికించనిచ్చేవారు. 2004లో వచ్చిన 3.4 దాన్ని వేరియబుల్‌గా చూడటం మొదలుపెట్టింది. దానితో జీటీకేకి పునాది అయిన జీలిబ్ 1.2.10 ప్యాచ్ లేకుండా కంపైలవటం మానేసింది. ఇక మెషీను ఏదో కనిపెట్టే కాన్ఫిగ్.గెస్ స్క్రిప్టు 2001 నాటిది, 2011లో ప్రకటించిన 64 బిట్ల ఆర్మ్ గురించి దానికేం తెలుస్తుంది! కొత్త స్క్రిప్టు పెడితే ఆ గొడవ వదులుతుంది.

వదలనిది ఇంకొకటుంది. పాత సీ భాషలో ముందుగా ప్రకటించని ఫంక్షనుని పిలిస్తే, అది ఇంట్ తిరిగి ఇస్తుందని కంపైలరు అనుకునేది. 32 బిట్ల మెషీనులో పాయింటరు, ఇంట్ రెండూ ఒకే సైజు కాబట్టి నడిచిపోయేది. 64 బిట్ల మెషీనులో ఇంట్ 32 బిట్లే, పాయింటరు 64. పై సగం తెగిపోతుంది. 1999 నాటి సీ ప్రమాణమే ఈ వెసులుబాటుని తీసేసినా, జీసీసీ హెచ్చరికతో సరిపెట్టేది. 2024 మేలో వచ్చిన జీసీసీ 14 మాత్రం దాన్ని తప్పుగా పరిగణించి ఆపేస్తుంది.

ప్రయోగశాలకి కొత్త 64 బిట్ల మెషీను వచ్చినప్పుడు మా బిల్డు ఇలాగే ఆగింది. శుక్రవారం సాయంత్రం, ఇంటికి వెళ్ళే తొందర. ఆ తప్పుని మళ్ళీ హెచ్చరికగా మార్చే ఒక ఆప్షను తగిలించాను. బిల్డయింది, కిటికీ తెరుచుకుంది, మీటలు పనిచేశాయి. ఆ రాత్రి ఆరు గంటలపాటు కొలతలు తీసి, వాటిని దాచబోయే క్షణంలో ప్రోగ్రాము కూలిపోయింది. కొలతలన్నీ పోయాయి.

సోమవారం వెతికితే, నాకు ముందు ఎవరో వేసిన ప్యాచ్‌లో దొరికింది. ఫైలు వుండే డైరెక్టరీ పేరు తీసే డిర్‌నేమ్ ఫంక్షనుని పిలిచారు గానీ, దాన్ని ప్రకటించే లిబ్‌జెన్ హెడరు చేర్చలేదు. ఒక్క వరస చేరిస్తే సరిపోయింది. కంపైలరు సరిగ్గా ఆ వరస నంబరే చూపించి ఆగింది, నోరు మూయించింది నేను. ఆ మాట ఆవిడకి చెప్పటానికి ప్యాచ్ వెయ్యటం కంటే ఎక్కువసేపు పట్టింది.

అప్పటినుంచి హెచ్చరికలు నొక్కేసే ఆప్షన్లు తీసేసి, ఒక్కొక్కటీ చదివి బాగుచేస్తున్నాను. ప్రతి ప్యాచ్ తలమీద ఏ కంపైలరుతో, ఎందుకు వేశానో రెండు వాక్యాలు రాస్తున్నాను. స్ట్రక్చర్ల సైజు మాత్రం మార్చను. పాత ఇంట్లో తలుపు మార్చవచ్చు గానీ గుమ్మం కొలత మారిస్తే ఉన్న తలుపులేవీ పట్టవు. అలాగే స్ట్రక్చరు మారితే ముందే కంపైలైన ప్రోగ్రాములన్నీ తప్పుతాయి.

భద్రత సంగతి ఇంకో తలనొప్పి. 2004లో జీటీకే 2 వరసలో ఎక్స్‌పీఎం బొమ్మలు చదివే కోడులో బఫర్ ఓవర్‌ఫ్లోలు బయటపడ్డాయి. అలాంటివి 1.2లో వున్నాయేమో వెతికిపెట్టేవాళ్ళు ఇప్పుడు లేరు, మనమే చూసుకోవాలి. అందుకే ఆ మెషీనుకి బయటి నెట్‌వర్కు ఇవ్వలేదు.

ప్యాచ్‌తో కానిదీ ఒకటుంది. ముచ్చటపడి కిటికీ మీద తెలుగు చూపిద్దామనుకున్నాను. "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికి యూనికోడులో 6 సంకేతాలు. వాటిని పేర్చి ఒత్తులూ గుడీ కలిపే పని 1.2కి రాదు. అది చేసే పాంగో లైబ్రరీ 2.0తోనే జీటీకేలోకి వచ్చింది. అంచేత మా ప్రయోగశాల కిటికీలో నా పేరు ఇప్పటికీ ఇంగ్లీషు అక్షరాల్లోనే వుంది, ప్యాకేజీ పేరు చివర ఎన్‌బీ7 అని వుంది.