తెల్లకోటు – పేరు బిళ్ళ

మన కచేరీల్లో ఒకప్పుడు బిళ్ళ బంట్రోతులు ఉండేవారు. అడ్డపట్టీ మీది ఇత్తడి బిళ్ళ చూడగానే వారు ఏ కచేరీ మనుషులో ఊరందరికీ తెలిసిపోయేది. ఆస్పత్రిలో మన మంచం దగ్గరికి వచ్చే వైద్య విద్యార్థికి, నర్సింగు విద్యార్థినికి అటువంటి గుర్తు ఎలా ఏర్పడిందో తెలుసుకుందాం.

19వ శతాబ్దంలో ఐరోపా, అమెరికా వైద్యులు ఆపరేషన్లు సైతం నల్లకోట్లతోనే చేసేవారు. శవపరీక్ష చేసి నేరుగా ప్రసూతి వార్డుకు వచ్చే వైద్యులు, విద్యార్థుల చేతుల వల్లనే బాలింతలకు ప్రాణాంతక జ్వరం సోకుతోందని 1847లో వియన్నాలో డాక్టర్ సెమ్మెల్‌వైస్ గ్రహించారు. క్లోరిన్ ద్రావణంతో చేతులు కడిగించగానే మరణాలు బాగా తగ్గాయి. 1867లో డాక్టర్ లిస్టర్ క్రిమినాశక పద్ధతిని ప్రకటించారు. శుభ్రతపై పట్టింపు పెరిగిన కొద్దీ, మరకను దాచే నలుపు పోయి మరకను చూపించే తెలుపు వచ్చింది. అమెరికన్ చిత్రకారుడు థామస్ ఈకిన్స్ 1875లో వేసిన ఆపరేషన్ చిత్రంలో వైద్యులవి నల్లకోట్లు. 1889 నాటి చిత్రంలో తెల్లని దుస్తులు.

అంతకు ముందే, 1860లో లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట నర్సింగు పాఠశాల మొదలైంది. అక్కడి విద్యార్థినులు తెల్లని టోపీ, ఏప్రాన్ ధరించేవారు. నర్సు పనికి గౌరవం లేని ఆ రోజుల్లో, వీరు శిక్షణ పొందుతున్నవారని ఆ దుస్తులే చెప్పేవి. 1993లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కొత్త విద్యార్థులకు తెల్లకోటు తొడిగే వేడుక ప్రారంభమై, క్రమంగా అనేక దేశాలకు పాకింది.

అయితే శుభ్రత కోసం వచ్చిన ఆ కోటునే ఇంగ్లండులో 2007లో శుభ్రత పేరుతోనే పక్కన పెట్టారు. పొడుగు చేతులకు క్రిములు అంటుతాయని, మోచేతుల కింద బట్ట ఉండరాదని ప్రభుత్వం సూచించింది.

కోటు పోయినా పేరు అవసరం పోలేదు. 2013లో క్యాన్సరుతో ఆస్పత్రిలో చేరిన బ్రిటిష్ డాక్టర్ కేట్ గ్రేంజర్, తన దగ్గరికి వచ్చినవారిలో చాలామంది పేరైనా చెప్పడం లేదని గమనించారు. రోగికి ముందుగా తమ పేరు చెప్పాలంటూ ఒక ఉద్యమమే నడిపారు. 2016లో ఆమె కన్నుమూశారు, ఉద్యమం నిలిచింది.

ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకునే మనకు గుర్తింపు విలువ ఒకరు చెప్పాలా? కాబట్టి మిత్రులారా, "నీ పేరేమిటి బాబూ, ఎన్నో సంవత్సరం చదువుతున్నావు?" అని అడగడానికి మొహమాటపడకండి. వైద్యం చదువుతున్న మన మనుమలకూ ఒక మాట: బిళ్ళ మీద అక్షరాలు పెద్దవిగా రాయించుకోండి. చదవవలసిన మా కళ్ళు పాతబడ్డాయి.