వారం, దినం, మాసం: నాగేశ్వరరావు పంతులు పత్రికా నిర్వహణ

చందా బకాయిల వల్ల తెలుగు పత్రికలు అనేకం అర్ధాంతరంగా ఆగిపోతున్న రోజుల్లో, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు వేర్వేరు వ్యవధులు గల ప్రచురణలను ఏకకాలంలో నిలకడగా నడిపిన తీరు పరిశీలించదగినది. 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలైన ఆంధ్ర పత్రిక 1914లో మద్రాసుకు తరలి దినపత్రిక కాగా, 1924లో భారతి మాసపత్రిక, 1926లో ఆంధ్ర గ్రంథమాల దానికి తోడయ్యాయి. ఏనాటి వార్తను ఆనాడే అందించవలసిన దినపత్రికకు వేగం ప్రధానం కాగా, శాసన పరిశోధన, సాహిత్య విమర్శ, కథ వంటి నిదానంగా చదవవలసిన రచనలకు భారతి వేదికైంది. ఉగాదికి వెలువడే సంవత్సరాది సంచిక, అంటే ఏటా ఒకసారి వచ్చే ప్రత్యేక సంపుటం, పండుగతో పాటు పాఠకులు ఎదురుచూసే ఆనవాయితీగా స్థిరపడింది.

ఈ క్రమానికి ఆర్థికాధారం 1893లో ఆయన బొంబాయిలో స్థాపించిన అమృతాంజనం వ్యాపారం: సంగీత సభల్లో ఉచితంగా పంచి ప్రచారం చేసిన ఆ తలనొప్పి మందు తెచ్చిన రాబడి, చందాలు ఆలస్యమైనా కాగితానికీ అచ్చుకూ లోటు రాకుండా కాచింది. 1938లో ఆయన మరణించాక అల్లుడు శివలెంక శంభుప్రసాద్ నిర్వహణలో పత్రికలు కొనసాగడాన్ని బట్టి, వాటి నిలకడ ఒక వ్యక్తి ఉత్సాహం మీదనే కాక, ఏ వ్యవధికి ఏ రచన తగునన్న విభజన మీద, స్థిరమైన ఆదాయం మీద కూడా ఆధారపడిందని చెప్పవచ్చు.